తొమ్మిది నిమిషాల స్కూబా

అండమాన్ నుంచి వచ్చి మూడు వారాలైంది. ఫొటోలు చూపించమన్న ప్రతివాళ్లకీ ముందు ఒకటే మాట చెబుతున్నాను. పోర్ట్‌బ్లెయిర్‌లో లాడ్జి కౌంటర్ దగ్గర స్కూబా ప్యాకేజీ, అంటే గాలి సిలిండర్‌తో సముద్రం లోపలికి దిగే డైవ్, కొనకండి. మా చెల్లి ఈ యాత్రకి రెండేళ్లు డబ్బు దాచుకుంది. సముద్రం లోపల ఎలా ఉంటుందో చూడాలన్నది దాని పదో తరగతి నాటి కోరిక. ఆ కోరికని రెండోరోజే చెడగొట్టారు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు.

మాది కాకినాడ. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కి ఓడ ఉంది, రెండున్నర రోజుల ప్రయాణం. దానిలోనే వెళ్లాలని చాలా ఆశపడ్డాం కానీ ఓడ తేదీలు, నా సెలవులు కలవలేదు. చెన్నై మీదుగా విమానంలో వెళ్లాం. రానూపోనూ ఒక్కొక్కరికి 13,840 రూపాయలు. రెండు నెలల ముందే కొన్నాం కాబట్టి ఆ ధర. ఇద్దరికీ వీపున ఒక్కో బ్యాగు, అంతే. ఫిబ్రవరిలో అక్కడ చలి ఉండదు, నాలుగు జతల పల్చటి బట్టలు చాలు. 2024లో పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అని మార్చారు. అయినా ఆటో వాళ్ల దగ్గర్నుంచి బోటు వాళ్ల దాకా అందరూ పాత పేరే అంటున్నారు, నేనూ అదే రాస్తాను.

లాడ్జి అబర్దీన్ బజార్ దగ్గర, రోజుకి 1,100. గది శుభ్రంగానే ఉంది. కౌంటర్ దగ్గర కూర్చున్నతను మేము తాళం తీసుకునేలోపే అట్ట మీద అంటించిన ఫొటోలు చూపించాడు. నార్త్‌బేలో స్కూబా, బోటుతో సహా మనిషికి 3,500, అరగంట నీళ్ల లోపల, వీడియో ఉచితం. ఈత రాకపోయినా ఫర్వాలేదన్నాడు. ఆ మాట నిజమే, మొదటిసారి చేసే డైవ్‌కి ఈత రావాల్సిన పని లేదు. ఏడు వేలూ అక్కడే కట్టించుకున్నాడు. రసీదు అడిగితే చిన్న చీటీ మీద సంతకం పెట్టి ఇచ్చాడు.

మర్నాడు ఉదయం జెట్టీ నుంచి బోటులో నార్త్‌బే వెళ్లాం. పాత ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరిచెట్ల మధ్య ఒక లైట్‌హౌస్ ఉంటుంది చూడండి, అది ఇక్కడిదే. చెల్లి పర్సులో ఆ నోటు దాచి తెచ్చుకుంది, పక్కన పెట్టి ఫొటో తీసుకుంది. ఆ రోజు దాని ముఖంలో నవ్వు చూసింది అదే ఆఖరు.

ఒడ్డున అరవై డెబ్భై మంది వరస కట్టి ఉన్నారు. ముందు వాళ్లు విప్పిన తడి సూట్లే మా చేతికిచ్చారు. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, చదివే టైమ్ ఇవ్వలేదు. ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. నడుం లోతు నీళ్లలో నిలబెట్టి, నోట్లో రెగ్యులేటర్ (సిలిండర్ గాలి అందించే గొట్టం మూతి) పెట్టి, నోటితో గాలి పీల్చమన్నారు. శిక్షణ అంతే, రెండు నిమిషాలు. ఆ తర్వాత వెనక నుంచి సిలిండర్ పట్టుకుని కిందికి తోసుకుపోయారు.

చెవుల గురించి ఎవరూ చెప్పలేదు. ఇది చాలామందికి తెలియని విషయం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను. నీళ్లలో ప్రతి పది మీటర్లకీ ఒక వాతావరణం అంత ఒత్తిడి పెరుగుతుంది. పైన ఉన్నదానికి పది మీటర్ల లోతులో రెట్టింపు అన్నమాట. ఆ మార్పు చెవికి ఎక్కువగా తెలిసేది మొదటి కొన్ని మీటర్లలోనే. అందుకే దిగడం మొదలెట్టిన దగ్గర్నుంచీ, నొప్పి రాకముందే, ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవులు సర్దుకోవాలి. డైవింగ్ వాళ్లు దీన్ని ఈక్వలైజ్ చేయడం అంటారు. చెవి పట్టేస్తే ఆగాలి, ఒక మీటరు పైకి రావాలి, సర్దుకున్నాకే మళ్లీ దిగాలి. మమ్మల్ని దించినవాళ్లకి ఇది తెలియదని నేననుకోను. చెప్పి చేయిస్తే ఒక్కో మనిషికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, గట్టున క్యూ ఆగిపోతుంది.

చెల్లి నాకు రెండు బారల దూరంలో ఉంది. చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని తల అడ్డంగా ఊపడం నేను చూశాను. దాన్ని పట్టుకున్నతను వేళ్లతో ఓకే గుర్తు చూపించి, కెమెరా వైపు చూడమని గడ్డం పట్టుకుని తిప్పాడు. ఆ వీడియో మా దగ్గర ఉంది. కళ్లు గట్టిగా మూసుకుని ఉంది పిల్ల.

పైకి వచ్చాక నా వాచీ చూసుకున్నాను. తొమ్మిది నిమిషాలు. అరగంట అన్నారు కదా అంటే బట్టలు మార్చుకోవడం, సూటు వేసుకోవడం అన్నీ కలిపి అరగంట అన్నారు. వీడియో ఫోన్‌లోకి ఎక్కించాలంటే మనిషికి 400. అదీ కట్టాం. లాడ్జికి వచ్చి అడిగితే కౌంటర్ మనిషి నేను బుకింగ్ వరకే అన్నాడు.

ఆ మధ్యాహ్నం మాకు దొరికిన భోజనం గురించి చెప్పకపోతే తప్పవుతుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్లు పదమూడు శాతం దాకా ఉన్నారు. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చిన కుటుంబాలే. బజారు వెనక సందులో నాలుగు బల్లల మెస్ ఒకటి కనిపించింది. మా మాటలు విని లోపలి నుంచి పెద్దావిడ వచ్చింది. "ఏ ఊరమ్మా మీది?" అంది. వాళ్ల మామగారు సోంపేట దగ్గర్నుంచి వేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయారట. అన్నం, పప్పు, చేపల పులుసు, పెరుగు 160. వంజరం వేపుడు ముక్క 120. పులుసులో చింతపండు, పచ్చిమిర్చి మా అమ్మ వేసినట్టే ఉన్నాయి.

చెల్లి తినకుండా చెవి పట్టుకుని కూర్చుంది. ఆవిడ చూసి ఏమైందని అడిగింది. విన్నాక, "ఆ నార్త్‌బే బేరాలకి ఎందుకెళ్లినారమ్మా, ఊళ్లో ఒక్కర్ని అడక్కపోయినారా?" అని మమ్మల్నే కేకలేసింది. చెల్లికి అన్నం మెత్తగా కలిపి, నెయ్యి వేసి, పక్కన కూర్చుని తినిపించినంత పని చేసింది. రెండోసారి వడ్డించిన పులుసుకి డబ్బు తీసుకోలేదు. తిరుగు ప్రయాణంలో మళ్లీ అక్కడికే వెళ్లాం.

మూడోరోజు హేవ్‌లాక్ దీవికి వెళ్లాం. 2018లో దీని పేరు స్వరాజ్ ద్వీప్ అయింది. ప్రభుత్వ ఫెర్రీ టికెట్లు దొరకలేదు, ప్రైవేటు బోటుకి మనిషికి 1,750 పెట్టాం. తిరిగి వచ్చేటప్పుడు నీల్ దీవి మీదుగా రెండుసార్లూ ప్రభుత్వ ఫెర్రీలే దొరికాయి. రెండు ప్రయాణాలకీ కలిపి ఇద్దరికీ అయింది 1,980. వీలైతే అవే ఎక్కండి. ఏసీ అద్దాల వెనక కూర్చోనక్కర్లేదు, డెక్ మీద నిలబడి వెళ్లొచ్చు, ఎగిరే చేపలు కనిపిస్తాయి.

హేవ్‌లాక్‌లో బీచ్‌లకి నంబర్లు. జెట్టీ ఒకటో నంబరు దగ్గర, బజారు మూడో నంబరు దగ్గర, రాధానగర్ ఏడో నంబరు. మేము ఐదో నంబరు వైపు వెదురు గుడిసెలో ఉన్నాం, రోజుకి 1,200. ఫ్యాను, దోమతెర, గుడిసె వెనకే బాత్రూమ్. ఏసీ లేదు, అవసరం పడలేదు. నడిపేది బెంగాలీ కుటుంబం. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులకి ఇక్కడ భూములిచ్చి స్థిరపరిచారు, ఊరంతా వాళ్లే. బజార్లో ఆవపిండి వేసి వండిన చేపతో భోజనం 220.

డైవింగ్ షాపుని ఈసారి నాలుగు చోట్ల అడిగి ఎంచుకున్నాం. ఒడ్డు నుంచి దిగే డైవ్ మనిషికి 4,500. ఇద్దరికీ కట్టాం. మా ఇన్‌స్ట్రక్టర్ నలభై ఏళ్లుంటాయేమో, చెన్నై ఆవిడ. ముందు రెండు పేజీల ఆరోగ్య పత్రం ఇచ్చి, ఒక్కో ప్రశ్న చదివి నింపమంది. ఉబ్బసం, బీపీ, చెవి ఆపరేషన్లు, సైనస్, వాడుతున్న మందులు, తిరుగు విమానం ఎప్పుడు. చెల్లి అన్నింటికీ 'లేదు' అని టిక్కులు పెట్టేసింది. నాకు తెలుసు, అయినా నోరు మెదపలేదు. దాని ఆశ చూసి ఊరుకున్నాను, అది నా తప్పు.

ఆవిడ పత్రం తీసుకుంది కానీ చెల్లినే చూస్తోంది. "మీరు కుడిచెవి వైపు తల వంచుతున్నారు, ఎందుకు?" అని అడిగింది. చెల్లికి కళ్లనీళ్లు తిరిగాయి. అంతా చెప్పేశాం. ఆవిడ నార్త్‌బే వాళ్లని ఒక్క మాట అనలేదు. తనే మమ్మల్ని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి పంపే ఏర్పాటు చేసింది. డాక్టరు చూసి కర్ణభేరి ఎర్రగా కందిందని, చిరగలేదని, వారం దాకా తల నీళ్లలో ముంచొద్దని చెప్పాడు. ఫీజు లేదు, బయట కొన్న మందులు 140.

తిరిగి వచ్చేసరికి చెల్లి కట్టిన 4,500 కవర్లో పెట్టి ఉంచారు. మేము అడగనే లేదు. "నీళ్లు ఎక్కడికీ పోవు, చెవి బాగయ్యాక రండి" అంది ఆవిడ.

నా డైవ్ ఎలా జరిగిందో కూడా చెప్పాలి. నెమో రీఫ్ అంటారు ఆ చోటుని. గంటసేపు నడుం లోతు నీళ్లలోనే అన్నీ చేయించింది. మాస్క్‌లోకి నీళ్లు వస్తే ముక్కుతో గాలి వదిలి ఎలా బయటికి పంపాలో, రెగ్యులేటర్ ఊడితే ఎలా వెతికి పట్టుకోవాలో చూపించింది. ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదని పదిసార్లు చెప్పింది. సైగలు నేర్పింది. బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి వెళ్దామని అర్థం. చెవి బాగోకపోతే అరచెయ్యి అటూ ఇటూ ఆడించి చెవి చూపించాలి. చెల్లికి ఈ ఒక్క సైగ తెలిసి ఉంటే!

దిగుతూ ప్రతి మీటరుకీ ఆగింది. నా కళ్లలోకి చూసి, నేను ఓకే అన్నాకే కదిలింది. నలభై రెండు నిమిషాలు లోపల ఉన్నాం, తొమ్మిది మీటర్ల దాకా వెళ్లాం. పువ్వులా ఊగే సీ అనెమోన్ అనే సముద్ర జీవి మధ్య నుంచి నారింజ, తెలుపు చారల చేప బయటికొచ్చి మా వైపు దూసుకొచ్చింది, ఆ అనెమోనే దాని ఇల్లు. అక్కడ నిశ్శబ్దంగా ఉంటుందని అనుకునేదాన్ని. పటపటమని చప్పుడు వినిపిస్తూనే ఉంది. పగడపు రాళ్ల సందుల్లో ఉండే చిన్న రొయ్యలు కొండీలు టప్‌మని మూసే చప్పుడు అది, వేరుశనక్కాయలు కొరికినట్టు. నా మణికట్టుకి అన్నవరంలో కట్టిన ఎర్ర దారం ఉంది. లోపల చూస్తే అది మట్టిరంగులో ఉంది. నీళ్లు ముందుగా మింగేసే రంగు ఎరుపు. పైకి వస్తుంటే మళ్లీ మెల్లగా ఎర్రబడింది. ఫొటోలు అదే 4,500లో ఇచ్చారు.

ఒడ్డుకి వచ్చేసరికి చెల్లి నా చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది. ఏం చూశావని అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ సాయంత్రం రాధానగర్‌లో నాకు దూరంగా కూర్చుంది. రాధానగర్‌కి నాలుగింటికే చేరండి, ఫిబ్రవరిలో ఐదున్నరకల్లా సూర్యుడు దిగిపోతాడు. చీకటి పడ్డాక వచ్చి పక్కన కూర్చుని, "ఇప్పుడు చెప్పక్కా, మొదట్నుంచి చెప్పు" అంది. ఎర్ర దారం సంగతి రెండుసార్లు చెప్పించుకుంది.

హేవ్‌లాక్‌లోనే ఉన్న కాలాపత్తర్ బీచ్, ఆ తర్వాత నీల్ హాయిగా గడిచాయి. స్కూటర్ రోజుకి 600, మూడు రోజులు, పెట్రోలు 380. నీల్‌లో గది వెయ్యి. ఇద్దరికీ తొమ్మిది రోజుల మొత్తం ఖర్చు 68,280. అందులో నార్త్‌బేలో పోసిన 7,800 ఉంది, అది తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

వెళ్లేవాళ్లు హేవ్‌లాక్ చేరేదాకా డైవ్‌కి డబ్బు కట్టొద్దు. షాపుకి వెళ్లి కాసేపు కూర్చోండి. ఆరోగ్య పత్రం ఇస్తున్నారా, ఒక ఇన్‌స్ట్రక్టర్ ఎంతమందిని తీసుకెళ్తున్నారు, తక్కువ లోతు నీళ్లలో ఎంతసేపు నేర్పుతున్నారు, ఇవి చూడండి. జలుబుంటే దాచొద్దు. డైవ్ చేశాక కనీసం పద్దెనిమిది గంటలు విమానం ఎక్కొద్దు, అందుకే డైవ్‌ని యాత్ర చివరికి పెట్టుకోవద్దు. బీచ్‌లో పగడపు ముక్కలు, గవ్వలు ఏరి సంచిలో వేసుకోవద్దు, చట్టం ఒప్పుకోదు.

తిరుగు ప్రయాణం ముందురోజు పోర్ట్‌బ్లెయిర్‌లో మళ్లీ చెవి చూపించాం, తగ్గిపోయిందన్నారు. విమానం చెన్నైలో దిగుతుంటే చెల్లి నా చెయ్యి పట్టుకుంది. ముక్కు మూసుకుని, ఆవిడ నాకు నేర్పింది నేను దానికి నేర్పినట్టే, మెల్లగా ఊదింది. "టప్‌మని తెరుచుకుందక్కా" అంది. విశాఖ ఓడ వచ్చే నెల తేదీలు ఎప్పుడొస్తాయని ఆ సాయంత్రమే అడిగింది.