ఉగాండా ప్రయాణం: వైజాగ్‌లో టీకా, గంటస్తంభం దగ్గర దోమతెర

"మన ఏజెన్సీ దోమల కంటే గొప్పవేటి అవి?" అన్నాడు పక్కింటాయన. ఉగాండా రాజధాని కంపాలాలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి మూడు వారాలు వెళ్లే ముందు మాట ఇది. విజయనగరంలో పుట్టి పెరిగి, చిన్నప్పుడే రెండుసార్లు మలేరియా పడ్డవాణ్ణి కదా, నేనూ అలాగే అనుకున్నాను. డాక్టరుగారు ఒప్పుకోలేదు. ఎప్పుడో వచ్చిన మలేరియా ఇప్పుడు కాపాడదు, అక్కడ ఎక్కువగా వచ్చేది ఫాల్సిపారం అనే రకం మలేరియా, ముదిరితే మెదడుకెక్కుతుంది అన్నారు.

ఇక ఎల్లో ఫీవర్ (ఇదీ దోమల వల్ల వచ్చే జబ్బే) టీకా వేయించుకోవాలా వద్దా అని ఆలోచించే పనే లేదు. టీకా వేసినట్టు ఇచ్చే కార్డు లేకపోతే ఉగాండా ఈ-వీసా రాదు. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో చూపించకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచొచ్చు. మన వైపు వాళ్లకు దగ్గర్లో ఉన్నది వైజాగ్ పోర్ట్ హెల్త్ ఆఫీసు. వేయించుకున్న పది రోజులకు గానీ కార్డు చెల్లదు కాబట్టి టికెట్ తేదీ చూసుకుని వెళ్లండి. ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. అరవై దాటాక మొదటిసారి వేసుకుంటే తీవ్రమైన రియాక్షన్ వచ్చే అవకాశం కాస్త ఎక్కువట. నాకు 62. గుడ్డు పడుతుందా, ఏ మందులు వాడుతున్నారు అని అన్నీ అడిగాకే వేశారు. రెండు రోజులు ఒళ్లు నొప్పులు, అంతే.

అసలు టెన్షన్ మలేరియాతోనే. మనలా వెళ్లొచ్చేవాళ్లకు దానికి టీకా వేయరు, మాత్రలే. మాకు డాక్సీసైక్లిన్ రాశారు. బయల్దేరే రెండు రోజుల ముందు నుంచి రోజుకొకటి, తిరిగొచ్చాక ఇంకో నాలుగు వారాలు. ఈ మాత్ర వేసుకుంటే ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది, టోపీ మరిచిపోవద్దు.

మొదటి రాత్రి ఎంటెబ్బేలో విక్టోరియా సరస్సు పక్కన ఒక గెస్ట్‌హౌస్‌లో దిగాం. సాయంత్రం నీళ్ల మీద పొగలా పురుగుల గుంపు లేచింది. మా ఆవిడ హడలిపోయి తలుపులన్నీ వేసేసింది. తీరా చూస్తే అవి కుట్టే పురుగులే కావట. కుట్టేవి గదిలోనే ఉన్నాయి. కిటికీ మెష్ ఊడిపోయింది, దోమతెరకు చిల్లులు. గెస్ట్‌హౌస్ అతనికి చెబితే ఒక దోమల కాయిల్ తెచ్చిచ్చి నవ్వాడు. గంటస్తంభం దగ్గర కొన్న దోమతెర పెట్టెలో ఉంది కాబట్టి నిద్రపోయాం. వ్యూ బాగుందని ఆ గెస్ట్‌హౌస్‌కి మార్కులు వేయలేను.

జింజాలో దిగిన లాడ్జి అద్దె దానికి దాదాపు రెట్టింపు, అయినా మళ్లీ వెళితే అక్కడే దిగుతాను. చీకటి పడకముందే కుర్రాడొచ్చి దోమతెర దించి, అంచులు పరుపు కిందకు దోపి వెళ్లేవాడు. నైలు నది మొదలయ్యేది ఆ ఊళ్లోనే. 1948లో గాంధీగారి అస్థికలు కొన్ని అక్కడే కలిపారు. ఆయన విగ్రహం దగ్గర గంటసేపు కూర్చున్నాం, ఫుల్ చేతుల చొక్కాలతో, పైన దోమలు వాలకుండా కొట్టుకునే డీట్ స్ప్రేతో. సన్‌స్క్రీన్ ముందు రాసుకుని, ఆ పైన స్ప్రే కొట్టుకోవాలి.

వచ్చాక ఎప్పుడు జ్వరం తగిలినా ఉగాండా వెళ్లొచ్చామని ముందే చెప్పి, ఆ రోజే రక్తపరీక్ష చేయించుకోమన్నారు. ఇంకా పదకొండు మాత్రలున్నాయి. పాలతో వేసుకోవద్దన్నారు కాబట్టి, పొద్దున్న కాఫీ కోసం రెండు గంటలు ఎదురుచూస్తున్నాను.