ఈత రానివాళ్లకూ ట్రయథ్లాన్: హనుమకొండ కోచింగ్ బ్యాచ్ ఎట్లుంది?

స్ప్రింట్ ట్రయథ్లాన్ అంటే 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు. ఒకటి కాగానే ఇంకొకటి, గడియారం మాత్రం ఆగదు. కొత్తవాళ్లను ఈ దూరానికి తయారుచేసే ఒక బ్యాచ్ హనుమకొండలో నడుస్తోంది. దాన్ని దగ్గర్నుంచి చూసి రాస్తున్న రివ్యూ ఇది. మా మాట ముందే చెప్తున్నాం: ఎన్నడూ రేసులో దిగనివాళ్లు, నలభై దాటినవాళ్లు, నీళ్లంటే బుగులున్నవాళ్లు నిశ్చింతగా చేరొచ్చు. మూడు నెలల్లో గోవా వెళ్లి 70.3 ఐరన్‌మ్యాన్ (1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు) కొట్టేద్దామనుకునేవాళ్లకు ఇది చోటు కాదు. కోచ్ సార్ దానికి ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడమే మంచిది.

ఈ కోచ్‌లో పెద్ద గుణం వరుస తప్పకపోవడం. మొదటి నెల పెద్దపీట ఈతకే. సైకిల్, పరుగు ఒంట్లో బలం ఉంటే ఎట్లనో ఒకట్ల గట్టెక్కుతాయి, ఈత అట్లా కాదు. అందుకే వారంలో మూడు రోజులు పూల్, రెండు రోజులు సైకిల్, రెండు రోజులు నెమ్మది పరుగు. వీటిలో ఒకటి రెండు ఒకే రోజు పెట్టి, ఒక రోజు పూర్తిగా విశ్రాంతి ఇస్తారు.

మన దగ్గర ఈతకు వచ్చేవాళ్లు రెండు రకాలు. అసలు రానివాళ్లు ఒకరు, చిన్నప్పుడు బాయిలో నేర్చుకున్నవాళ్లు ఇంకొకరు. రానివాళ్లతో సార్ చేతులు కాళ్లు ఆడించడం మొదలుపెట్టరు. గోడ పట్టుకొని, ముఖం నీళ్లలో ముంచి, ముక్కుతో బుడగలు వదలమంటారు. "ఊపిరి నీళ్లల్లనే ఇడువు తమ్మీ, బయట పీల్చుకో, అంతే" అన్నది పూల్‌లో ఎక్కువగా వినపడే మాట. కారణం ఉంది. దమ్ము బిగబట్టి ఈదితే లోపల కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఒంట్లో ఆక్సిజన్ ఇంకా ఉన్నా ఊపిరాడనట్టు గాబరా పుట్టించేది ఆ పేరుకున్న గాలే. 25 మీటర్లకే ఆయాసపడి గోడ పట్టుకునేవాళ్లలో చాలామందికి లోపం ఒంటి బలంలో ఉండదు, ఊపిరి వదలకపోవడంలో ఉంటుంది. అది కుదిరాక పక్కకు తిరిగి కాళ్లు ఆడించడం, తర్వాత ఒక చేయి, ఆ తర్వాత రెండు చేతులు. అప్పుడు 25 మీటర్లు ఎనిమిది సార్లు, మధ్యలో 30 సెకన్ల విరామం. వారాలు గడిచేకొద్దీ విరామం 20కి, 10కి తగ్గి, 25 కాస్తా 50, 100 అవుతుంది. 25 మీటర్ల పూల్‌లో 30 పొడవులు ఆగకుండా వేసినవాళ్లకే రేసుకు పేరు ఇవ్వమంటారు.

బాయి ఈత వచ్చినవాళ్లకు భయం లేదు, కానీ తల పైకెత్తి ఈదుతారు. తల లేస్తే నడుము, కాళ్లు మునుగుతాయి. అప్పుడు ముందుకు పోవడానికి పెట్టాల్సిన బలమంతా తేలడానికే ఖర్చవుతుంది. వీళ్లకు సార్ చెప్పేది ఒక్కటే, పూల్ అడుగును చూస్తూ ఈదమని. కాళ్లు విరగబడి కొట్టడం కూడా మాన్పిస్తారు. తొడల్లో సత్తువ ఈతలోనే అయిపోతే సైకిల్ ఎక్కాక మిగిలేదేమీ ఉండదు. నిజం చెప్పాలంటే కొత్తగా నేర్చుకునేవాళ్లకన్నా వీళ్లను దిద్దడానికే ఎక్కువ రోజులు పడుతుంది. వాళ్ల మనసు నొప్పించకుండా దిద్దడం చూస్తే సార్ ఓపిక మీద గౌరవం పెరిగింది.

ఈ బ్యాచ్‌లో అన్నిటికన్నా పెద్ద లోటు కూడా ఈతలోనే ఉంది. రేసు జరిగేది చెరువులోనో సముద్రంలోనో, ప్రాక్టీసు పూల్‌లో. వడ్డేపల్లి, ధర్మసాగర్ చెరువులు నగరానికి తాగునీళ్లు ఇచ్చేవి, వాటిలో దిగే పని పెట్టుకోకూడదు. కాపాడే మనిషి, పడవ లేకుండా ఏ చెరువులోనూ దింపనని సార్ కచ్చితంగా చెప్తారు. దానికి బదులు పూల్‌లోనే కొన్ని కసరత్తులు పెట్టారు. ఒకే లైన్‌లో నలుగురిని కలిపి ఈదిస్తారు, చేతులు కాళ్లు తగులుతాయి, రేసు గుంపు అలవాటవుతుంది. కళ్లు మూసుకొని ఆరు బారలు వేయమంటారు, ఎవరు ఏ పక్కకు లాగుతున్నారో బయటపడుతుంది. ఆరు ఎనిమిది బారలకోసారి కళ్లు మాత్రం నీళ్ల పైకి తెచ్చి ముందున్న గుర్తు చూసుకొని, ఆ తర్వాత పక్కకు తిరిగి ఊపిరి పీల్చడం నేర్పుతారు. ఈ రెండూ ఒకేసారి చేయబోతేనే తల మరీ పైకి లేచి కాళ్లు మునుగుతాయి. గాబరా వస్తే వెల్లకిలా తిరిగి నాలుగు ఊపిర్లు తీసుకోవాలి. అప్పటికీ తగ్గకపోతే కాపలా పడవను పట్టుకోవచ్చు. దాన్ని పట్టుకొని ముందుకు పోనంతవరకు నియమాల ప్రకారం తప్పు కాదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే సగం భయం పోతుంది. ఇవన్నీ మంచివే, కానీ రేసుకు ముందు కనీసం ఒకసారి లైఫ్‌గార్డులున్న చోట నిజమైన నీళ్లలో దిగాల్సిందే. ఆ ప్రయాణం ఈ ఫీజులో లేదు.

సైకిల్ విషయంలో మాకు బాగా నచ్చింది, కొత్తది కొననివ్వకపోవడం. గేర్ల సైకిల్, పనిచేసే బ్రేకులు, హెల్మెట్ ఉంటే చాలు, హైబ్రిడ్ (రోడ్ సైకిల్‌కూ మౌంటెన్ సైకిల్‌కూ మధ్య రకం) అయినా సరే. చేరిన వారంలోనే సీటు ఎత్తు సరిచేస్తారు. గోడకు ఆనుకొని నిలబడి, కాళ్ల సందు నుంచి నేల దాకా కొలిచి, దాన్ని 0.883తో గుణిస్తారు. కొలత 80 సెంటీమీటర్లయితే పెడల్ కడ్డీలు రెండూ తిరిగే నడిమి ఇరుసు (బాటమ్ బ్రాకెట్) మధ్య నుంచి సీటు పైదాకా 70.6 సెంటీమీటర్లు. ఇది మొదలు మాత్రమే, తర్వాత ఒళ్లే చెప్తుంది. మోకాలి చిప్ప ముందు నొప్పి లేస్తే సీటు కిందికి ఉన్నట్టు, మోకాలి వెనక లాగితే, తొక్కేటప్పుడు నడుము అటూ ఇటూ ఊగితే పైకి ఉన్నట్టు. బరువు గేరులో తొక్కడం బలమనుకునేవాళ్లను నిమిషానికి 80 నుంచి 90 తొక్కుళ్ల దగ్గరికి తెస్తారు. పరుగుకు కాళ్లు మిగిలేది దానివల్లే.

పంక్చర్ ఎవరిది వాళ్లే వేసుకోవాలి. చక్రం విప్పి, లివర్లతో టైరు ఒక పక్క లేపి, ట్యూబ్ తీసి, టైరు లోపల వేలితో నెమ్మదిగా తడమాలి. తుమ్మముల్లు అక్కడే ఉండిపోతే కొత్త ట్యూబ్ కూడా రెండు నిమిషాల్లో పోతుంది. కొత్త ట్యూబ్‌కు కొంచెం గాలి కొట్టి పెడితే మడత పడదు. రిమ్‌కూ టైరుకూ మధ్య ట్యూబ్ నలగలేదని చుట్టూ చూసుకున్నాకే పూర్తి గాలి. రెండు చిల్లులు పక్కపక్కన ఉంటే అది ముల్లు కాదు, గాలి తక్కువతో గుంతలో పడ్డ దెబ్బ. ఇంకో సంగతి, రోడ్ సైకిళ్లకు చాలావాటికి సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది. మామూలు పంక్చర్ దుకాణం పంపు దానికి పట్టదు, చిన్న అడాప్టర్ జేబులో ఉండాలి.

లాంగ్ రైడ్లు ములుగు రోడ్డు మీద, తెల్లవారాకే, వెలుతురు వచ్చాకే. కోతల సీజన్‌లో రోడ్డు పక్కన వడ్లు, మక్కలు ఆరబోస్తారు. వాటి మీద చక్రం జారుతుంది, కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు ఇంకా ప్రమాదం. పత్తి రోజుల్లో ఎనుమాముల మార్కెట్ వైపు బండ్లు ఎక్కువ, ఆ దారి వదిలేస్తారు. సంక్రాంతి ముందు మాంజా భయానికి రైడ్లు తగ్గించి ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా నిలబెట్టే స్టాండు) మీద తొక్కిస్తారు. ఊరి రోడ్లు తెలిసిన కోచ్ ఉంటే కలిగే లాభం ఇదే.

సైకిల్ దిగగానే పరిగెత్తడాన్ని బ్రిక్ అంటారు. కాళ్లు మొద్దుబారినట్టు అనిపిస్తాయి, అది అందరికీ మామూలే. 40 నిమిషాల సైకిల్, వెంటనే 10 నిమిషాల పరుగుతో మొదలుపెట్టి, వారానికోసారి పరుగు పెంచుతారు. సైకిల్ చివరి రెండు కిలోమీటర్లు తేలిక గేరుకు మారాలి, పరుగులో మొదటి కిలోమీటరు అడుగులు చిన్నవిగా, నెమ్మదిగా పడాలి. ట్రాన్సిషన్ (ఈత నుంచి సైకిల్‌కు, సైకిల్ నుంచి పరుగుకు మారడం) కూడా ఖాళీ మైదానంలో పదే పదే చేయిస్తారు. సైకిల్‌ను ముట్టుకునే ముందే హెల్మెట్ పెట్టి పట్టీ బిగించాలి, తిరిగొచ్చాక సైకిల్ స్టాండుకు తగిలించాకే పట్టీ విప్పాలి. దీన్ని తప్పి పెనాల్టీ తెచ్చుకునేది ఎక్కువగా కొత్తవాళ్లే. ఇయర్‌ఫోన్లు నిషేధం కాబట్టి ప్రాక్టీసులోనూ పెట్టుకోనివ్వరు.

పరుగు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వైపు. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన సింథటిక్ ట్రాక్ ఉన్నది అక్కడే. మాట్లాడుతూ పరిగెత్తగలిగేంత వేగమే ఎక్కువ రోజులు. పిక్కల ముందు ఎముక నొస్తే దూరం తగ్గిస్తారు, పంతానికి పోరు.

కసరత్తులో నీళ్లు తాగే విషయంలో బజారు పొడుల జోలికి పోకుండా లెక్క నేర్పడం బాగుంది. గంట కసరత్తుకు ముందు, తర్వాత బరువు చూసుకోవాలి. కిలో తగ్గితే లీటరు చెమట పోయినట్టు, మధ్యలో తాగింది దానికి కలపాలి. లీటరు నీళ్లలో 40 గ్రాముల చక్కెర, పావు టీస్పూన్ ఉప్పు, ఒక నిమ్మకాయ. ఉత్త నీళ్లు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు వస్తాయి. ఇది దప్పిక కన్నా ప్రమాదం.

సరిదిద్దుకోవాల్సినవి ఉన్నాయి. తుంటి, నడుము బలానికి పెట్టే సమయం చాలా తక్కువ, ఇంకా పెంచాలి. వారం ప్లాన్ వాట్సాప్‌లో ఒక్కోసారి ఆదివారం రాత్రి దాకా రాదు, డ్యూటీలు చేసుకునేవాళ్లకు ఇబ్బంది. పూల్ మరమ్మతుకు మూతపడితే ఈత రోజులు పోతాయి, వాటికి ఫీజు తగ్గించరు. పూల్ టికెట్ ఎట్లాగూ విడిగానే. అయినా జిమ్‌లో పర్సనల్ ట్రైనర్‌కు ఇచ్చేదాంతో పోలిస్తే ఫీజు తక్కువే.

మహిళలకు విడిగా పొద్దుటి ఈత సమయం ఉంది, రైడ్లలో ఎవరినీ ఒంటరిగా వెనక వదలరు. వెనకబడ్డవాళ్లతో సార్ స్వయంగా తొక్కుతారు. రెండు మూడు రోజులు రాకపోతే "ఏమైందక్కా, పానం మంచిగుందా?" అని ఫోన్ వస్తుంది, పోయిన క్లాసులు ఒకేసారి కొట్టేద్దామంటే మాత్రం ఒప్పుకోరు.

చేరేవాళ్లు దసరా తర్వాతి బ్యాచ్ చూసుకోండి, ఎండలు ముదరకముందే మూడు నెలలు దొరుకుతాయి. బీపీ, షుగర్, గుండె ఇబ్బంది ఉన్నవాళ్లు, నలభై దాటినవాళ్లు ముందు డాక్టర్‌కు చూపించుకొని ఆ కాగితం తేవాలి. మొదటి రోజుకు గాగుల్స్, ఈత టోపీ, టవల్ చాలు. బూట్లు, సైకిల్ బట్టలు రెండో నెలలో సార్‌ను అడిగాకే కొనండి.