పెట్టె మీద 120 శాతం, చీర మీద ఎరుపు: బడ్జెట్ మానిటర్‌తో రెండేళ్లు

తిరుపతి కొర్లగుంటలో మా ఇంట్లోనే కూర్చుని శ్రీకాళహస్తి కలంకారీ చీరల ఫోటోలు తీసి, ఆన్‌లైన్ అమ్మకానికి సిద్ధం చేస్తుంటాను. ఈ పనిలో రంగు తేడా వస్తే చీర తిరిగొస్తుంది, రానూపోనూ కొరియర్ ఖర్చు అమ్మే అక్క నెత్తిన పడుతుంది. అందుకే ఈ మానిటర్ గురించి వారం వాడి కాకుండా, రెండేళ్లు వాడాక రాస్తున్నాను.

ముందు నా దగ్గర లాప్‌టాప్ ఒక్కటే ఉండేది. దాని స్క్రీన్ చూపగల రంగుల పరిధి 45 శాతం ఎన్‌టీఎస్‌సీ. పటికతో, మొక్కల వేళ్ల రంగుతో పుట్టే కలంకారీ ఎరుపు అందులో పాలిపోయి కనిపించేది. సరే అని రంగు పెంచి పంపేవాణ్ణి. అక్క ఫోన్ చేసింది: "ఏంది తమ్ముడూ, చీరేమో మట్టెరుపు, ఫోటోలో కుంకం మాదిరి మండిపోతా ఉండాది!"

ఎన్‌టీఎస్‌సీ అనేది 1953 నాటి అమెరికా టీవీ రంగుల పరిధి కొలత. మనం ఫోన్లలో, వెబ్‌లో చూసే ఫోటోలకు ఆధారం 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెచ్చిన ఎస్‌ఆర్‌జీబీ. రంగులన్నిటినీ పరిచి గీసిన పటం మీద, వైశాల్యంలో ఇది ఎన్‌టీఎస్‌సీలో దాదాపు 71-72 శాతం. కాబట్టి 72 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే ఎస్‌ఆర్‌జీబీకి సరిపోయేంత అనుకోవచ్చు. 45 అంటే ఎస్‌ఆర్‌జీబీలో 63 శాతం దగ్గర ఆగిపోయినట్టే. నా ఎరుపు పోయింది అక్కడే.

దాంతో 24 అంగుళాల ఐపీఎస్ (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని తెర) మానిటర్ కొన్నాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో 120 శాతం ఎస్‌ఆర్‌జీబీ అనీ, 16.7 మిలియన్ రంగులనీ ఉంది. రెండో మాటను అసలు పట్టించుకోవద్దు. అది 256 × 256 × 256 చేస్తే వచ్చే లెక్క. నా పాత లాప్‌టాప్ కూడా ఆ మాట చెప్పుకోగలదు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. రెండూ చేరేది ఒకే కొండకు. మెట్లెన్ని అన్నది వేరు, ఎంత ఎత్తు అన్నది వేరు. రంగులూ అంతే: ఎన్ని అన్నది వేరు, ఎంత ఘాటు దాకా పోతాయన్నది వేరు.

120 సంగతికి వస్తే, మానిటర్ పెట్టగానే చీరలన్నీ ధగధగా మెరిశాయి. సంబరపడ్డాను. ఎరుపు మరీ ఎక్కువైందని ఈసారి తగ్గించి పంపాను. మళ్లీ అక్క ఫోన్: "ఇప్పుడేమో పది ఉతుకులు పడిన చీర మాదిరి ఉండాది తమ్ముడూ." ఆ నెల నాకు నిజంగా టెన్షన్.

జరిగిందేమిటంటే, ఫోటోలో "నిండు ఎరుపు" అని ఉంటే మానిటర్ తన దగ్గరున్న నిండు ఎరుపును చూపించేస్తుంది. దాని ఎరుపు ఎస్‌ఆర్‌జీబీ కంటే ఘాటైనది. మానిటర్ రంగుల వివరాలుండే ప్రొఫైల్ ఫైలు చూసి సరిచేసే సాఫ్ట్‌వేర్ అయితే తప్ప ఆ ఘాటు తగ్గదు.

తెలిసిన ఫోటోగ్రాఫర్ అన్న దగ్గర కలర్ మీటర్ అరువు తెచ్చి కొలిచాను. వైశాల్యం నిజంగానే 120 దరిదాపుల్లో ఉంది. కానీ ఎస్‌ఆర్‌జీబీలో కప్పినది 97 శాతమే. దుప్పటి మంచం కంటే పెద్దదైనా కాస్త వంకరగా పరిస్తే ఒక మూల బయటపడుతుంది కదా, అలా. కవరేజ్ ఎప్పుడూ 100 దాటదు. 100 దాటిన అంకె కనిపిస్తే అది దుప్పటి కొలతే. ఆ కొలత కూడా ఏ రంగుల పటం మీద తీశారన్న దాన్ని బట్టి మారుతుంది. డిజిటల్ సినిమాల రంగుల పరిధి డీసీఐ-పీ3నే చూడండి: 1931 పటంలో ఎస్‌ఆర్‌జీబీ కంటే సుమారు 36 శాతం పెద్దది, 1976 పటంలో సుమారు 26. పెట్టె మీద ఏ పటమో రాయరు.

నన్ను గట్టెక్కించింది మెనూలో ఎక్కడో లోపల దాక్కున్న ఎస్‌ఆర్‌జీబీ మోడ్. అది వేయగానే ఘాటు దిగింది. మధ్యాహ్నం కిటికీ దగ్గర చీర కొంగు పట్టుకుని స్క్రీన్ పక్కన పెట్టాను. కరక్కాయ పువ్వు పసుపు, బెల్లం ఇనుము ఊరబెట్టిన నలుపు, ఆ మట్టెరుపు, మూడూ కుదిరాయి. నీలిమందు నీలం మాత్రం ఇప్పటికీ పిసరంత తేడాగానే ఉంటుంది.

ఒక ఇబ్బంది ఉంది. ఆ మోడ్‌లో బ్రైట్‌నెస్ కదలదు, కంపెనీ పెట్టినదే గతి. రాత్రి చీకటి గదిలో కళ్లు లాగుతాయి. మానిటర్ వెనక గోడ మీద పడేలా తెల్లటి లైటు పెట్టుకున్నాక కొంత నయం. నా పనికి ఇది చాలు, మళ్లీ కొనమన్నా ఇదే ధరలో కొంటాను. కానీ ఈసారి దుకాణంలోనే మెనూ తెరిపించి, ఎస్‌ఆర్‌జీబీ మోడ్ వేసి, బ్రైట్‌నెస్ కదులుతుందో లేదో నా వేలితో నొక్కి చూశాకే డబ్బు కడతాను.