హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డాలస్‌కు: ఎమిరేట్స్ ప్రయాణంపై సమీక్ష

డాలస్‌లో ఉంటున్న తమ్ముడి ఇంటికి అమ్మను తీసుకువెళ్లడానికి ఈ వేసవిలో ఎమిరేట్స్ విమానం ఎంచుకున్నాను. అమ్మకు అరవై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. అందువల్ల టికెట్ ధర కంటే ముందు దారి ఎంత, మొత్తం ఎన్ని గంటలు, మధ్యలో ఎంతసేపు నడవాలి అన్నవే చూశాను.

శంషాబాద్, డాలస్ విమానాశ్రయాల మధ్య అతి దగ్గరి దూరం సుమారు 14,400 కిలోమీటర్లు. రెండూ భూగోళానికి దాదాపు చెరోవైపున ఉన్నందువల్ల ఆ దారి ఉత్తర ధ్రువానికి అయిదారు వందల కిలోమీటర్ల దగ్గరగా పోతుంది. అయితే నేరుగా వెళ్లే విమానం లేదు. దుబాయ్ మీదుగా వెళితే మొదట 2,550, ఆ తరువాత 12,900, మొత్తం దాదాపు 15,450 కిలోమీటర్లు అవుతుంది. వెయ్యి కిలోమీటర్లు అదనమే అయినా, ఆ మజిలీ వల్లనే అమ్మ ఈ ప్రయాణాన్ని తట్టుకోగలిగిందని నా నమ్మకం.

దుబాయ్ చేరడానికి నాలుగు గంటలు, అక్కడ మూడున్నర గంటల విరామం, డాలస్‌కు పదహారు గంటలు, వెరసి ఇరవై మూడున్నర గంటలు పట్టింది. వేసవిలో డాలస్ గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనుక ఉంటుంది కనుక, తెల్లవారుజామున బయలుదేరిన మేము అక్కడి లెక్కలో అదే రోజు సాయంత్రం దిగాము. నేను టికెట్ కొన్న వెబ్‌సైటు గాలిలో గడిపే ఇరవై గంటలనే పెద్ద అక్షరాలలో చూపి, విరామాన్ని మరో పేజీలో పెట్టింది. పెద్దవాళ్లను పంపేవారికి ఇది తప్పుదారి పట్టించే పద్ధతి. అదే సైటు మొదట గంటన్నర విరామమే ఉన్న టికెట్ చూపింది. దుబాయ్ మూడో టెర్మినల్‌లో మళ్లీ భద్రతా తనిఖీ దాటి, దూరంగా ఉన్న గేటుకు చేరాలి కనుక ఆ టికెట్ వద్దనుకున్నాను.

టికెట్ కొన్నప్పుడే చక్రాల కుర్చీ కోరాను. దుబాయ్‌లో విమానం తలుపు దగ్గరే సిబ్బంది సిద్ధంగా ఉండి, అమ్మను గేటు దాకా ఓపికగా తీసుకువెళ్లారు. ఈ సేవకు నిండు మార్కులు వేస్తాను. ఎకానమీలో వరుసకు 3-4-3 చొప్పున సీట్లుంటాయి కనుక, పదహారు గంటలలో పలుమార్లు లేచి నడవాల్సిన పెద్దవాళ్లకు నడవా పక్క సీటును ముందే ఎంచుకోవాలి. ముందుగా కోరిన శాకాహార భోజనం అందరికంటే ముందే వచ్చింది, అమ్మ తృప్తిగా తిన్నది.

తిరుగు ప్రయాణంలో అదే దూరానికి గంటన్నర తక్కువ పట్టింది. ఎత్తులో పడమటి నుంచి తూర్పుకు వీచే బలమైన గాలులు వచ్చేటప్పుడు విమానాన్ని ముందుకు తోస్తాయి, వెళ్లేటప్పుడు ఎదురవుతాయి. అమ్మకు మందుల వేళలు రాసిచ్చేటప్పుడు ఈ తేడాను కూడా లెక్కలోకి తీసుకున్నాను.