పొగతోట ఆసుపత్రిలో ఆపరేషన్ల వరుస

మా అత్తగారికి మోకీలు మార్పిడి చేయించడానికి కావలి నుంచి నెల్లూరు పొగతోటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాము. అక్కడి సర్జను హస్తవాసి గురించి ఇప్పటికే చాలామంది చెబుతున్నారు కనుక, ఆపరేషన్లకు వేళలు కేటాయించే తీరు గురించే రాస్తున్నాను.

సర్జను సిద్ధంగా ఉన్నా, మత్తు డాక్టరు మరో ఆసుపత్రిలో కేసు ముగించుకుని వచ్చేదాకా రోగి కడుపు మాడ్చుకుని ఎదురుచూడటం చిన్న ఆసుపత్రుల్లో మామూలే. ఇక్కడ అలా కాకుండా మత్తు డాక్టరు రాగలిగే సమయం, థియేటరు సిబ్బంది డ్యూటీలు, శుద్ధి చేసిన పరికరాల సెట్లు ఎన్ని ఉన్నాయన్నది చూసుకున్నాకే లిస్టు వేస్తారు. షుగరు ఉన్నవారిని ఎక్కువసేపు పస్తు ఉంచకూడదు కాబట్టి మా అత్తగారిని మొదట, మిగతావారికి ఇన్ఫెక్షన్ అంటకుండా చీము పట్టిన కేసును చివర వేశారు. రాత్రి నుంచి ఏమీ ముట్టవద్దని గంపగుత్తగా చెప్పకుండా, తేలికపాటి ఆహారం 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపాలని తెలుగులో రాసి ఇచ్చారు. ఈ జాగ్రత్త నాకు బాగా నచ్చింది.

అయితే ఆ ఉదయం మత్తు డాక్టరును అత్యవసర సిజేరియన్‌కు పిలవడంతో లిస్టంతా వెనక్కి జరిగింది. అందుకు ఎవరినీ తప్పు పట్టలేము. తల్లీబిడ్డల ప్రాణం ముందు మోకాలు ఆగవలసిందే. కానీ ఆ మాట మాకు ఎవరూ వచ్చి చెప్పలేదు, మేమే వెళ్లి నర్సును అడిగి తెలుసుకున్నాము. అసలు లోపం, ఇలాంటి కేసులు వస్తాయని తెలిసి కూడా మధ్యలో కాస్త ఖాళీ ఉంచకుండా లిస్టును నిండా నింపుకోవడం. దాని ఫలితం చివరి పేరు మీద పడింది: ఉదయగిరి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయనను రోజంతా పస్తు ఉంచి, సాయంత్రం మరుసటి రోజుకు వాయిదా వేశారు.

ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరేవారు, ముందస్తు అనుమతి వచ్చిందో లేదో చూసుకున్నాకే తేదీ ఖాయం చేసుకోవడం మంచిది.

ఇంకొక సంగతి. మోకీలు మార్చినవారిని సాధారణంగా మరుసటి రోజుకల్లా లేపి నడిపిస్తారు. ఇక్కడ ఆదివారం ఫిజియోథెరపిస్టు రారు. కాబట్టి శనివారం తేదీ ఇస్తే, వారం మొదట్లోకి మార్చమని మొహమాటపడకుండా అడగండి. మేము అడిగితే మార్చారు.