నాగార్జునకొండకు గంట సరిపోదు

సాగర్ వెళ్లేవాళ్లలో చాలామంది డ్యామ్ దగ్గర ఫోటోలు దిగి, ఎత్తిపోతల చూసుకుని ఇంటిదారి పడతారు. గేట్లు ఎత్తినప్పుడైతే సరే. మిగతా రోజుల్లో నన్నడిగితే ఆ టైమంతా జలాశయం మధ్యనున్న నాగార్జునకొండకే ఇవ్వాలి.

లాంచీ విజయపురి సౌత్‌లో ఎక్కాం. టైమింగ్స్ ఏవైనా, సరిపడా జనం పోగైతేనే అది కదిలేది. "ఇంకో పదిమంది రావాలండీ" అని కౌంటర్లో తాపీగా చెప్పారు. ఈ ఒక్క విషయంలో వారాంతమే నయం. శుక్రవారం మాత్రం పెట్టుకోకండి, కొండ మీది మ్యూజియానికి సెలవు. బయల్దేరాక లోపలంతా పాటల మోత. వెనక రెయిలింగ్ దగ్గర నిలబడితేనే నీళ్లూ, చుట్టూ కొండలూ, గాలీ మన సొంతం.

ద్వీపం అంటాం గానీ, మనం దిగేది ఒక కొండ తల మీద. మూడో శతాబ్దంలో ఇక్కడ ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయంతా జలాశయం అడుగున ఉంది. డ్యామ్ ఖాయమయ్యాక 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాస్త్రవేత్త ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో ఆ లోయను తవ్వారు. ముఖ్యమైన కట్టడాలు కొన్నిటిని రాయి రాయీ విప్పి పైకి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. చెట్ల నీడన ఆ స్తూపాల మధ్య నడుస్తుంటే జనం ఎంతమంది దిగినా ఎటో కలిసిపోతారు, సందడే ఉండదు.

మ్యూజియంలో సున్నపురాయి శిల్పాల ముందు నిదానంగా నిలబడాలి. నన్ను ఆపేసింది ఒక సైనికుడు: గడ్డం, తలకు టోపీ, పొడుగు చేతుల చొక్కా, కాళ్లకు పాంటు, చేతిలో ఈటె. మధ్య ఆసియా నుంచి వచ్చిన శకుల్లో ఒకడంటారు. పల్నాటి ఎండలో ఆ బట్టలేమిటో! అప్పట్లో శకుల ఏలుబడిలో ఉన్న ఉజ్జయిని నుంచి వచ్చిన రుద్రధర భట్టారిక ఇక్కడి రాణి అని శాసనం ఉంది కదా, ఇతనూ ఆ పరివారంలోవాడేనేమో అని నా ఊహ. ఇంకాసేపు చూద్దామంటే లాంచీ వాళ్ల పిలుపు. వాళ్లిచ్చేది గంట, అందులో సగం మ్యూజియం దాకా నడిచి రావడానికే పోతుంది.

కొండ మీద బస లేదు. నీళ్లు కనబడే గది కావాలంటే తెలంగాణ వైపు టూరిజం వాళ్ల విజయ విహార్ ఉంది. మేం రేవుకు దగ్గరని ఓ చిన్న లాడ్జిలో దిగాం. గీజర్ పనిచేయలేదు, దుప్పట్లు అంతంతమాత్రం. అయినా పొద్దున్నే మొదటి లాంచీకి నడిచి వెళ్లే సుఖం ముందు అదేం పెద్ద లెక్క కాదు. తిండి, నీళ్లు మాత్రం వెంట తీసుకెళ్లండి.

మధ్యాహ్నం ఒడ్డునే ఉన్న అనుపు వెళ్లాం. లోయలోంచి తరలించిన ప్రాచీన రంగస్థలం అక్కడుంది. మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నా లెమ్మనేవాళ్లు లేరు. మీరు వెళితే టికెట్ తీసుకునేటప్పుడే తర్వాతి లాంచీలో తిరిగి రానిస్తారేమో అడగండి. ఒప్పుకుంటే ఇంకేం ఆలోచించకండి.