మగవారి గోడు వినే ఫోను: బ్రిటన్‌లోని మెన్స్ అడ్వైస్ లైన్

భార్య చేతిలోనో, సహచరి చేతిలోనో, ఇంట్లో వాళ్ల చేతిలోనో హింసకు గురవుతున్న మగవారి కోసం బ్రిటన్‌లో రెస్పెక్ట్ అనే స్వచ్ఛంద సంస్థ మెన్స్ అడ్వైస్ లైన్ పేరుతో ఒక హెల్ప్‌లైన్ నడుపుతోంది. వరసకు నాకు తమ్ముడయ్యే మా పెద్దమ్మ కొడుకు నిరుడు దీని సాయం తీసుకోవలసి వచ్చింది. మొదటి ఫోను పక్కన కూర్చుని చేయించినవాణ్ని నేనే కాబట్టి, మనవాళ్లలో ఇంకెవరికైనా అక్కరకు వస్తుందేమోనని, అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను.

2023లో భార్య స్టూడెంట్ వీసా మీద చదువుకోవడానికి వస్తే, అతను డిపెండెంట్‌గా, అంటే ఆమె వీసా మీద ఆధారపడి వచ్చే జీవిత భాగస్వామిగా వచ్చాడు. 2024 జనవరి నుంచి పరిశోధన కోర్సులు చదివేవారికి తప్ప మిగతా విద్యార్థులకు ఈ వీలు దాదాపుగా మూసుకుపోయింది గానీ, అంతకుముందు ఇలా వచ్చిన తెలుగు జంటలు తక్కువేమీ కాదు. గోదాములో రాత్రి షిఫ్టు చేసి తెచ్చిన జీతమంతా ఆమె ఖాతాలోకే వెళ్లేది, బ్యాంకు కార్డూ పాస్‌పోర్టూ ఆమె దగ్గరే ఉండేవి. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ముందు నా కంటపడింది మాత్రం ఆగస్టు ఎండలో కూడా అతను విప్పని పొడుగు చేతుల చొక్కా. మా ఇంట్లో చేతులు కడుక్కోవడానికి చొక్కా పైకి లాగినప్పుడు మోచేతికి వెనకవైపు అట్లకాడ అంచంత పొడవున కాలిన మచ్చ కనిపించింది. "దోసెలు పోస్తుంటే తగిలింది అన్నయ్యా" అన్నాడు. దానికి కాస్త పైన అదే కొలతలో ఇంకొకటి, పాతబడి నల్లబడినది, ఉంది. దోసెలు పోసేవాడికి మోచేతి వెనక కాలదు.

ఫోను నా కారులోంచి చేశాం. నంబరు 0808 801 0327, కాల్ ఉచితం. ఎత్తినావిడ పేరో వీసా వివరాలో అడగకముందే, ఇప్పుడు మాట్లాడుతున్న చోట క్షేమంగా ఉన్నారా, ఎవరైనా వింటున్నారా అని అడిగింది. తర్వాత అడిగిన ప్రశ్నలు మొదట నాకు మింగుడుపడలేదు: గొడవ ఎలా మొదలవుతుంది, మీరు ఎప్పుడైనా చేయి చేసుకున్నారా, ఆమె మీకు భయపడుతుందా, మీరు ఆమెకు భయపడతారా. కొట్టించుకున్నవాణ్ని బోనులో నిలబెట్టినట్టు అనిపించింది. కానీ కొట్టేవాడు కూడా తానే బాధితుణ్నని చెప్పుకుని ఇలాంటి చోటికి ఫోను చేయడం ఉంటుంది గనుక, ఎవరు ఎవరిని అదుపులో పెడుతున్నారో తేల్చుకోవడం వాళ్ల పద్ధతిలో భాగం. ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చింది చివరికి ఇదే. ఆడవాళ్ల మీద ద్వేషం నూరిపోసే చోటుకు తీసుకెళ్లానేమోనన్న నా భయం ఆ ప్రశ్నలతోనే తీరింది, నిజాయితీగా జవాబులు చెప్పిన తర్వాత తమ్ముడి గొంతు కూడా స్థిమితపడింది.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 2023 మార్చితో ముగిసిన ఏడాదిలో గృహహింసకు గురైనవారు 21 లక్షల మంది అనీ, వారిలో మహిళలు 14 లక్షలు, మగవారు 7,51,000 అనీ అధికారిక సర్వే అంచనా. ఎక్కువ నష్టపోతున్నది స్త్రీలేనన్న మాటకు ఇది అడ్డు రాదు, కానీ ఏడున్నర లక్షలంటే విస్మరించదగిన సంఖ్యా కాదు.

ఆ రోజు ముప్పావు గంట మాట్లాడారు. ఇల్లు వదిలేయమని గానీ సర్దుకుపొమ్మని గానీ అనలేదు. జీతం లాక్కోవడం, పాస్‌పోర్టు దాచడం కూడా హింస కిందికే వస్తాయని, మనిషిని గుప్పిట్లో పెట్టుకుని నలిపే ప్రవర్తన 2015 నాటి చట్టం ప్రకారం ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడదగిన నేరమని, 2021 గృహహింస చట్టం ఆడ మగ తేడా లేకుండా వర్తిస్తుందని విడమరిచి చెప్పారు. దగ్గరికి రాకుండా, బెదిరించకుండా కుటుంబ న్యాయస్థానం నుంచి ఉత్తర్వు తెచ్చుకోవచ్చన్నారు. మాట్లాడలేని పరిస్థితిలో మొబైల్ నుంచి ఇక్కడి అత్యవసర నంబరు 999కి చేసి, అడిగినప్పుడు 55 నొక్కితే పోలీసులకు కలుపుతారన్న సంగతి పదేళ్లుగా ఇక్కడున్న నాకే తెలియదు. గాయాలను జీపీకి, అంటే మన పేరు నమోదై ఉన్న స్థానిక డాక్టరుకు చూపించి రికార్డులో రాయించుకోమనీ, జరిగినదల్లా తేదీ వేసి ఒక పుస్తకంలో రాసుకోమనీ చెప్పారు.

ఇక పరిమితులు. ఈ లైను పనిదినాల్లో పగటిపూట మాత్రమే పనిచేస్తుంది. రాత్రి షిఫ్టు చేసేవాడికి అది నిద్రపోయే వేళ, పైగా ఇళ్లలో గొడవలు శని, ఆదివారాల్లోనూ ముదురుతాయి. అన్నిటికంటే పెద్ద లోటు, వినే చెవి ఉన్నంతగా తలదాచుకునే చోటు లేకపోవడం. మగవారిని చేర్చుకునే ఆశ్రయ గృహాలు దేశం మొత్తం మీద చాలా కొద్ది. తమ్ముణ్ని తీసుకుని మేము వెళ్లిన ఒక కార్యాలయంలో కౌంటరు దగ్గరి మనిషి, బాధితురాలు రాలేదా అని నా వెనక్కి చూశాడు. డిపెండెంట్ వీసా మీదున్నవారికి ప్రభుత్వ సహాయ నిధులు వర్తించవు కాబట్టి ఇల్లు ఇప్పించలేమని చెప్పి పంపేశారు. అతను మా హాల్లో సోఫా మీద ఏడు వారాలు పడుకున్నాడు.

వీసా విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. గృహహింస వల్ల విడిపోయిన వలసదారులకు మూడు నెలల పాటు ప్రభుత్వ సహాయం పొందే వెసులుబాటు ఒకటుంది, 2024లో దాన్ని విద్యార్థుల, ఉద్యోగుల జీవిత భాగస్వాములకు కూడా విస్తరించారు. అయితే అది తీసుకుంటే పాత వీసా స్థానంలో ఆ మూడు నెలల అనుమతే మిగులుతుంది, విద్యార్థుల డిపెండెంట్లకు దాని ద్వారా స్థిరనివాసానికి దారి లేదు. అందుచేత అనుమతి పొందిన ఇమ్మిగ్రేషన్ సలహాదారుతో మాట్లాడకుండా దరఖాస్తు మీద సంతకం పెట్టకూడదు.

మన దేశంలో 2005 గృహహింస చట్టం కింద బాధితురాలు అంటే స్త్రీ మాత్రమే, సఖి కేంద్రాలూ 181 నంబరూ స్త్రీల కోసమే. స్త్రీలకు అవి ఎంత అవసరమో నాకు తెలుసు, వాటిలో ఒక్కటీ తగ్గకూడదు. కానీ ఖమ్మం నుంచి మా పెద్దమ్మ ఫోను చేసి, "అక్కడ మగపిల్లాడి మాట కూడా వింటారా నాయనా" అని అడిగినప్పుడు, వింటారని చెప్పగలిగినందుకు నాకు ఊరట కలిగింది.

వాళ్లు రాసుకోమన్న పుస్తకాన్ని తమ్ముడు ఆ సాయంత్రమే కొన్నాడు. ఇంగ్లిషులో రెండు వాక్యాలు రాసి కొట్టేసి, మిగతా ముప్పై నాలుగు పేజీలూ తెలుగులోనే నింపాడు. న్యాయవాది కోసం వాటిని ఇంగ్లిషులోకి మార్చినది నేను. రెండు రాత్రులు పట్టింది.